బీడు కూడా మాదే

పోయిన వారం సోములమ్మ తడిక మూసేసిన దగ్గర ఆగాం. ముంచింగిపుట్టు నుంచి జీపులో గంట, అక్కడి నుంచి నడకలో గంటన్నర వెళితే వచ్చే ఊరు కుంబిపుట్టు. ఇరవై మూడు గడపలు. విశాఖపట్నంలో ప్రకృతి సంరక్షణ మీద ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న సిల్వియా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ ఊళ్ళోనే ఉంది. పిట్టల్ని లెక్కపెట్టింది, కొండల మ్యాపు గీసింది, సోములమ్మ చేతి అంబలి తాగింది. థీసిస్ బైండు చేయించి, మొదటి కాపీ సోములమ్మకే చూపించాలని జూన్ మొదటి వారంలో ఆయాసపడుతూ కొండెక్కింది. తీరా వచ్చేసరికి బడి గోడ మీద, కొండల్లో మొక్కలు నాటే పచ్చకొండ ప్రాజెక్టు వాళ్ళ నోటీసు. "కుంబిపుట్టు కొండల్లో నూట నలభై ఎకరాల అడవి పోడుకు బలైంది. శాస్త్రీయ అధ్యయనం ఆధారంగా చర్యలు." కింద సిల్వియా గీసిన మ్యాపు. మ్యాపు మూలన సిల్వియా పేరు.

ఇక చదవండి.

* * *

తడిక తెరుచుకోలేదు. సిల్వియా అరుగు మీదే కూలబడింది.

మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. అయినా మబ్బు కొండ దిగి ఊళ్ళోకి వచ్చేసింది. ఎదురింటి కప్పు కనిపిస్తోంది గానీ గోడలు కనిపించడం లేదు. సాగు కోసం వేసవిలో కొట్టి కాల్చిన పోడు మీద తొలి వాన పడితే వచ్చే తడి బూడిద వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. పోయిన నెలలో ఇదే వాసన గురించి హాస్టల్ పిల్లలకి ఎంత గొప్పగా చెప్పిందో! ఇప్పుడు ఆ వాసనకే ముక్కు మూసుకుంది.

సుక్రు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. ఐదు నెలలు ఆమెకి దారి చూపించింది అతనే. కూత వినగానే ఏ కొమ్మ మీద ఏ పిట్ట ఉందో వేలు పెట్టి చూపించేవాడు. గొడుగు మడిచి గోడకి ఆనించి, దూరంగా కూర్చున్నాడు.

"తడిసిపోతన్నారు మేడమ్. ఇటు జరగండి."

సిల్వియాకి చెంప మీద కొట్టినట్టయింది. "మేడమ్ ఏంటి సుక్రన్నా? సిలివమ్మా అని పిలిచేవాడివి కదా!"

"అప్పుడు మీ పేరు మా నోట్లో ఉండీది. ఇప్పుడు బడి గోడ మీదున్నాది. గవుర్మెంటు పేరు లాగున్నాది. మేడమ్ అనకపోతే బాగోదు."

లోపల్నుంచి సోములమ్మ గొంతు. "ఎల్లిపోమని సెప్పు సుక్రూ. నా అంబలి తాగిన నోటితోటే మామీద రాసినాది."

"నోటితో రాయరత్తా. సేత్తో రాస్తారు."

"అయితే ఆ సేత్తోనే డొప్ప పట్టుకుని తాగినాది. నాను సూడలేదేటి?"

సుక్రు నవ్వబోయి ఆగిపోయాడు. సిల్వియా లేచి తడిక దగ్గరికి వెళ్ళింది. ఏడుపు వచ్చేస్తోంది, ఆపుకుంటోంది, మాటలు గబగబా దొర్లిపోతున్నాయి.

"పెద్దమ్మా, నేను మీ మీద రాయలేదు. ఒట్టు. పోడు పెరిగితే పిట్టలు తగ్గుతున్నాయని రాశాను, అంతే. ఆ నోటీసు వస్తుందని నాకేం తెలుసు? ఆ నూట నలభై ఎకరాలు నేను కల్పించింది కూడా కాదు. ఇంటింటికీ వచ్చి మీ పోడు ఎక్కడెక్కడుంది అని అడిగాను, మీరే చెప్పారు. మీరు చెప్పిందే రాశాను!"

తడిక తెరుచుకుంది.

సోములమ్మ గడపలో నిలబడింది. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు. మొగుడు పోయి పదకొండేళ్ళు. సిల్వియా కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఓలె గుంటా. మా ఊరు ఇరవై మూడు గడపలు. ముసిలోల్నీ సంటి పిల్లల్నీ తీసీ. కత్తి పట్టీ సేతులెన్ని మిగిల్తాయి? ఆ సేతులతో ఏడాదికి నూట నలబై ఎకరాలు కొట్టగలమేటి? లెక్కల సదువు సదివినావు కదా. సెప్పు."

సిల్వియా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇంత చిన్న లెక్క! థీసిస్ నిండా గ్రాఫులు గీసింది గానీ, ఈ లెక్క ఒక్కసారి కూడా వేసి చూడలేదు.

"కానీ... మీవి మూడు కొండలన్నారు కదా పెద్దమ్మా? చిలకల వాలు, పనసల వాలు, తాత కొండ."

"అవును. మూడూ మావే. పంటేసీది సిలకల వాలొక్కటే. మిగతా రొండూ తొంగున్నాయి."

"తొంగున్నాయంటే?"

"అంటే ఏటి? విడిసీసినాం. పనసల వాలు విడిసి ఎనిమిదేళ్ళు. అడివి లేసిపోనాది. నువ్వే కదా అక్కడ కూకుని పిట్టల్ని సూసుకున్నావు!"

"మరి బీడు అని నాకు చెప్పాలి కదా! పోడు ఎంత అంటే అన్నీ కలిపి ఎందుకు చెప్పారు?"

సోములమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. తిట్టినా బాగుండేది.

"నీకు పిల్లలెంతమందమ్మా అని ఎవులైనా అడిగితే, తొంగున్న పిల్లని లెక్కెయ్యకుండా సెప్తావేటి?"

వాన పెద్దదైంది. ముగ్గురూ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. కూర్చున్నాక సుక్రు నెమ్మదిగా మొదలుపెట్టాడు, ఎలుగుబంటి అడుగులు చూపించి వివరించేటప్పటి గొంతుతో.

"సైత్రం పండగనాడు మీరూ మాతోటి గట్టెక్కినారు కదా మేడమ్. ఫొటోలు తీసినారు."

ఎక్కింది. ఎందుకు గుర్తుండదు! తెల్లారగానే ఊరంతా గట్టు మీదికి చేరింది. సుక్రు ఒక్కో కొండ వైపు తిరిగి దాని పేరు పెట్టి కేకేశాడు. "పనసల వాలో! ఎవులిదో!" ఆ కొండ గల ఇంటివాళ్ళు "మాదే!" అని పలికారు. పంతొమ్మిది కొండలు, పంతొమ్మిది కేకలు. ఎంత అందంగా ఉందో అనుకుంది. థీసిస్‌లో దాని గురించి రెండు వాక్యాలు రాసింది. ఇక్కడి ప్రజలకి కొండలంటే అపారమైన భక్తి అని.

"అది భక్తి కాదు మేడమ్. మా పట్టా అదే. మాకు కాయితాల్లేవు కదా. విడిసీసిన కొండ కూడా ఎవులిదో ఊరికి గుర్తుండాలని పిలుస్తాం. మూడు మాట్లు పిలుస్తాం. మూడో మాటుకీ గలవోలు పలక్కపోతే, ఎవులు పలికితే కొండ ఆలది."

"ఇంకో సంగతి సెప్పు" అంది సోములమ్మ.

"బయటోలు సెవొగ్గి ఇంటన్నప్పుడైతే తప్పకుండా పలకాల. బయటోలి ముందర మాది అన్లేదంటే, ఇంక ఆ కొండ వొదిలీసినట్టే. మీరు కాయితం పట్టుకుని గడప గడపకీ వచ్చినారు. పోడు ఎక్కడుంది అన్నారు. మీరు బయటోలు. మీ ముందర ఎవులు తక్కువ సెప్తారు? అందరూ మాదే, మాదే అన్నారు."

సిల్వియా తల మీద చెయ్యి పెట్టుకుంది. తను అడిగింది సర్వే ప్రశ్న. వాళ్ళు పలికింది గట్టు మీది జవాబు.

సంచిలోంచి ఫీల్డ్ నోట్‌బుక్ తీసింది. ప్లాస్టిక్ అట్ట, తడిసి ఆరి ఉబ్బిన పేజీలు. సర్వే పేజీ తిప్పింది. పంతొమ్మిది కొండల పేర్లు, పక్కన ఎకరాలు, ఆ పక్కన 'సాగు / బీడు' అని ఒక గడి. గడి గీసింది తనే. గీసి, ఖాళీగా వదిలేసింది.

ఖాళీగానా? కాదు.

పేజీ అంచున, పెన్సిల్‌తో, చీమలంత అక్షరాల్లో: 'సు: ఈ ఏడు లేదు.' కింద మళ్ళీ 'సు: ఈ ఏడు లేదు.' వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు చోట్ల.

సు అంటే సుక్రు.

"సుక్రన్నా... నువ్వు చెప్పావు."

"సెప్పినాను."

"నేను రాసుకున్నాను."

"రాసుకున్నావు. నాను సూసినాను. పెన్సిల్ కొన నాకి మరీ రాసినావు."

అంతా గుర్తొచ్చేసింది. డిపార్ట్‌మెంట్ ల్యాబ్, ఏసీ చలి, బయట పిల్లలు సినిమాకి రమ్మని పిలుస్తున్నారు. కంప్యూటర్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే లెక్క ముందుకు కదలడం లేదు. పై గడిలో సాగు అన్నట్టు ఒకటి కొట్టి, మౌసుతో పట్టుకుని కిందికి లాగేసింది. ఒక్క లాగుడు. పంతొమ్మిది గళ్ళూ ఒకట్లే. పంతొమ్మిది కొండలూ పోడే. రెండు సెకన్లు పట్టిందేమో.

పేజీ వెనక కూడింది. సాగులో ఉన్నవి ఐదు కొండలు, ముప్ఫై ఆరు ఎకరాలు. బీడు పద్నాలుగు కొండలు, నూట నాలుగు ఎకరాలు.

పిట్టల పేజీలు తిప్పింది. తిప్పిన కొద్దీ ఇంకా అన్యాయంగా ఉంది. పనసల వాలు మీద ఎన్ని రకాలు! పోల్చడానికి పెట్టుకున్న అడవి ప్లాటు కంటే ఎక్కువ. పోడులో ఇన్ని పిట్టలుండవు, ఇవి లెక్కకి అడ్డమొస్తున్నాయి తీసెయ్యమన్నారు గైడ్ మోసెస్ సార్. తీసేసింది. విడిచిపెట్టిన కొండలే పిట్టల్ని దాస్తున్నాయని ఐదు నెలలు పేజీ పేజీలో రాసి ఉంది. తను రాసిందే తను చదువుకోలేదు.

సోములమ్మ లేచి లోపలికెళ్ళి, దూలానికి కట్టిన సొరబుర్ర విప్పుకుని వచ్చింది. మూత తీసి వంచింది. అరచేతిలో సామలు, కందులు.

"సిలకల వాలు ఇది మూడో పంట. నేల అలిసిపోనాది. వచ్చే మాగంలో పనసల వాలు లేపాల. ఇప్పుడు అక్కడ కత్తెడితే కేసంట. కందకాలు తవ్వి ఏవో మొక్కలేస్తారంట. మరి ఈ ఇత్తనం నానెక్కడ జల్లాల? నీ పుస్తకం మీదా?"

"రేపు ప్రాజెక్టు వాళ్ళు పెట్టే మీటింగులో నేను చెప్తాను పెద్దమ్మా. లెక్క తప్పని అందరి ముందూ చెప్తాను. తప్పు నాదని చెప్తాను."

సోములమ్మ గింజలు ఒక్కటి కూడా కింద పడకుండా బుర్రలో పోసుకుంది. కాసేపయ్యాక ఆకు డొప్పలో అంబలి తెచ్చి సిల్వియా ముందు పెట్టింది. మొహం చూడకుండానే.

"తాగు. ఈసారి గుర్తెట్టుకుని తాగు."

* * *

మర్నాడు పదకొండింటికి బడి వరండాలో మీటింగు. ఊరంతా వచ్చి నేల మీద కూర్చుంది. పచ్చకొండ ప్రాజెక్టు ఫీల్డ్ ఆఫీసర్ బుజ్జిబాబు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బురద చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చాడు. వెనక ఇంకొకాయన, ఆయాసపడుతూ. సిల్వియా తేరిపార చూసింది. మోసెస్ సార్! మ్యాపు ప్రాజెక్టు చేతికి ఎలా వెళ్ళిందో ఇప్పుడర్థమైంది.

ఆయన ఆమెని గోడ చాటుకి తీసుకెళ్ళాడు. తిట్టలేదు. ఆయన ఎప్పుడూ తిట్టడు. అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గురువారం నీ వైవా. ఇప్పుడు డేటా తప్పంటే బయటి ఎగ్జామినర్ కూర్చోనే కూర్చోడు. ఒక సంవత్సరం పోతుంది. మీ అమ్మ తెరిసమ్మగారు నైట్ డ్యూటీలు చేసి నిన్ను చదివిస్తున్నారు. ఆవిడకి ఏం చెప్తావ్?"

"తప్పు చేశానని చెప్తాను సార్."

"చిన్న చిన్న తేడాలు ఎవరి థీసిస్‌లో లేవమ్మా?"

"నూట నాలుగు ఎకరాలు సార్!"

"అరవకు."

అరవలేదు. కానీ వరండాలోకి వెళ్ళి, బుజ్జిబాబు నోటీసు చదవడం పూర్తిచెయ్యకముందే లేచి నిలబడింది. నోట్‌బుక్ రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ లెక్క తప్పండీ. నేనే తప్పు చేశాను. సాగులో ఉన్నది ముప్ఫై ఆరే. మిగతా నూట నాలుగూ బీడు. అక్కడ అడవి మళ్ళీ లేచింది. ఈ సుక్రన్న అప్పుడే చెప్పాడు, నేను రాసుకుని కూడా వదిలేశాను."

పద్నాలుగు కొండల పేర్లూ ఒక్కొక్కటీ చదివింది. రేకుల మీద వాన దడదడలాడుతోంది, దానికి మించి గట్టిగా చదివింది. చదవడం అయిపోయాక ఒళ్ళంతా తేలికైపోయింది. సుక్రు తల కొంచెం ఎత్తాడు. పెదాలు కదిలాయి. సిలివమ్మా అన్నట్టే ఉంది.

బుజ్జిబాబుకి కోపం రాలేదు. సంతోషించాడు.

"ఇంత మంచి మాట ముందే చెప్పొద్దా తల్లీ! అయితే నూట నాలుగు ఎకరాల్లో ఎవరూ సాగు చెయ్యడం లేదు. ఖాళీ."

"ఖాళీ కాదండీ. బీడు. విడతలవారీగా..."

"మా ఫారంలో రెండే గళ్ళు. సాగు, ఖాళీ." ఆయన పెన్ను తీశాడు. గొంతులో కపటం ఏమీ లేదు, వాన పెరిగేలోపు పని ముగించుకుని కొండ దిగాలన్న తొందర తప్ప. "ఇదిగో చూడండి, గొడవే లేదు. ముప్ఫై ఆరూ మీకు వదిలేస్తాం, చేసుకోండి. మిగతా కొండలు మావి కావని వేలిముద్రలేసెయ్యండి, మేం మొక్కలేసుకుంటాం. కాదు, మావే అన్నవాళ్ళ పేర్లు మాత్రం ఆక్రమణ కింద కేసుకి పంపాలి. అది నా చేతుల్లో లేదు."

మోసెస్ సార్ ఊపిరి పీల్చుకున్నాడు. "గుడ్. దీన్ని థీసిస్ చివర సవరణగా చేర్చుకోవచ్చు సిల్వియా. వైవాకి ఇబ్బంది లేదు."

సిల్వియాకి ఆ మాట ఎక్కడో దూరం నుంచి వినిపించింది. సరిచేశాననుకుంది! నిన్నటిదాకా ఆ కొండలు ఆక్రమించిన కొండలు. ఇప్పుడు తన నోటితోనే, పేర్లు చదివి మరీ, ఎవరివీ కాని కొండలు చేసేసింది.

బుజ్జిబాబు ఆమె చదివిన పేర్లు రాసుకున్న జాబితా పైన వేలు పెట్టాడు. వానకి వినపడదని గొంతు పెంచాడు.

"పనసల వాలు! ఎవరిది?"

వరండా బిగుసుకుపోయింది. చైత్రంలో గట్టు మీద వినిపించిన కేకే. అదే పేరు, అదే ప్రశ్న. పిలిచేవాడు మాత్రం బయటివాడు. పలికితే కేసు. పలక్కపోతే, బయటివాళ్ళ ముందు మాది అనలేదు కాబట్టి, కొండే పోతుంది. పిల్లలు కూడా కదలడం లేదు.

"పనసల వాలు! ఎవరిదండీ?" రెండోసారి.

సోములమ్మ లేచింది. బుజ్జిబాబు వైపు చూడలేదు.

"ఓలె గుంటా. సైత్రంలో నువ్వున్నావు. పనసల వాలని పిలిస్తే ఎవులు పలికినారు? నువ్వే సెప్పు. నీకు కాయితం మీదున్నాది."

సిల్వియా నోట్‌బుక్ వైపు చూసింది. ఉంది. సోములమ్మ పేరు ఉంది. చదివితే ఆ పేరు నేరుగా కేసులోకి వెళ్తుంది, మళ్ళీ తన చేతి మీదుగానే. ఆ పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టింది. మోసెస్ సార్ వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటూనే ఉంది.

సోములమ్మ చూసింది, చూసి బుజ్జిబాబు వైపు తిరిగింది.

"మాదే" అంది. "తొంగున్నాది. తొంగున్నా మాదే. రాసుకో బాబూ."

బుజ్జిబాబు నిట్టూర్చాడు. "పెద్దదానివి, కోర్టుల చుట్టూ ఏం తిరుగుతావమ్మా?" అన్నాడు నిజంగానే బాధపడుతూ. రాసుకున్నాడు. ఎర్ర సిరాతో.

తరవాతి పేరు మీద వేలు పెట్టాడు.

"తేనె కొండ! ఎవరిది?"

తేనె కొండ సుక్రుది. పదేళ్ళుగా నిద్రపోతున్న కొండ. సిల్వియాకి మొదటి రోజు చూపించింది ఆ కొండనే. మా తాత మా అయ్యకిచ్చినాడు, మా అయ్య నాకిచ్చినాడు అని ఛాతీ మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు.

సుక్రు పలకలేదు. నేల వైపు చూస్తున్నాడు. అతని భార్య చెంగు నోట్లో కుక్కుకుంది.

"తేనె కొండ! ఎవరిది?"

ఇప్పుడు తలెత్తాడు. బుజ్జిబాబుని చూడలేదు, సోములమ్మని చూడలేదు. సిల్వియా చేతిలో ఉన్న నోట్‌బుక్‌ని చూశాడు. అందులో అతని మాట పద్నాలుగు సార్లు ఉంది, పెన్సిల్‌తో. అతని గొంతు మాత్రం రావడం లేదు.

సిల్వియా ఒక అడుగు ముందుకు వేసింది.

బుజ్జిబాబు గాలి పీల్చుకుని మూడోసారి, ఎవరు పలికితే కొండ వాళ్ళదైపోయే ఆఖరిసారి, పిలిచాడు. రేకుల మీద వాన ఒక్క క్షణం సన్నగిల్లింది. ఆ సందులో, "మాదే!" అని వరండా అంతా వినపడేలా జవాబొచ్చింది.

ఆ గొంతు సుక్రుది కాదు.

(మిగతా వచ్చే వారం)